మీట ఎవరి మాట వినవలెను?

కంప్యూటరు మీటల పలకపైన ‘కంట్రోల్’ మీటను అదిమిపట్టి ‘పి’ మీటను నొక్కినచో అచ్చువేయుటకు సంబంధించిన పెట్టె తెరమీద కనబడునని మన పాఠశాలలో ఆరవ తరగతి పిల్లలకు సైతము తెలియును. అట్లే ‘ఎస్’ నొక్కినచో పుటను భద్రపరచుకొనవచ్చును. ‘ఎఫ్’ నొక్కినచో పుటలో కావలసిన మాటను వెదకవచ్చును. ఎలుకను పట్టుకొని తెరయంతయు తిరుగు పని లేకుండ చేయు ఈ జంటమీటలను షార్టుకట్టులందురు. ఇవి మనము చూచు పుటకు చెందినవి కావు. పుటను మనకు చూపు బ్రౌజరు, అనగా క్రోమ్, ఫైర్‌ఫాక్సు మొదలగు ఉపకరణములు, తమంతట తామే సమకూర్చినవి.

అయినను కొన్ని పుటలలో ఈ మీటలు వేరొక విధముగ ప్రవర్తించును. గూగుల్ డాక్సులో ‘కంట్రోల్’తో ‘కె’ నొక్కినచో లంకె పెట్టుకొను పెట్టె తెరచుకొనును. సాధారణమైన పుటలో అదే జంట క్రోమునందు పైనున్న వెదకు గడికి మనలను చేర్చును. ఫైర్‌ఫాక్సున ‘కంట్రోల్’తో ‘బి’ నొక్కినచో గురుతుపెట్టుకొన్న పుటల పట్టిక ప్రక్కన వచ్చును. వ్రాతపనికైన పుటలో అక్షరములు లావగును. పుట తన సొంత పనికై బ్రౌజరు అలవాటును ప్రక్కకు నెట్టినదన్నమాట. ఇట్లు నెట్టుటకు పుటకు గల అధికారమెంత, దానికి హద్దేది అన్నదే ఈ పాఠమునకు విషయము. ఇది యంత్రవిద్యకు సంబంధించిన స్వల్పవిషయమని పెద్దలకు తోచవచ్చును. కాని తెలుగు, తమిళము, ఆంగ్లము అను మూడు భాషలను ఒకే పలకపై వ్రాయవలసిన పురసవాక్కపు పిల్లలకు ఇందులో అక్షరము దక్కుటయో దక్కకపోవుటయో ఇమిడియున్నది.

మొదట, నొక్కిన మీట చేయు ప్రయాణమును తెలిసికొందము. పాతకాలపు పెద్ద ఇంటికి ఒక వర్తమానము వచ్చినదనుకొనుడు. అరుగుమీద కూర్చున్న తాతగారి చెవిని అది ముందు పడును. తనకు సంబంధించినదైనచో ఆయన అక్కడనే ఉంచుకొనును. కానిచో లోపలికి పంపును. కంప్యూటరున ఆ తాతగారి స్థానము ఆపరేటింగు సిస్టమునది. 1981లో వెలువడిన ఐబీఎం వారి పీసీ కొరకు డేవిడ్ బ్రాడ్లీ అను ఇంజనీరు కల్పించిన ‘కంట్రోల్–ఆల్ట్–డిలీట్’ అను మూడు మీటల కూర్పు నేటి విండోసులో ఆ అరుగు దాటి లోపలికి రానే రాదు. ఏ పుటయు దానిని తాకజాలదు. తాతగారు విడిచిపెట్టిన వర్తమానము బ్రౌజరునకు చేరును. బ్రౌజరు కూడ కొన్నిటిని తనకే అట్టిపెట్టుకొని, మిగిలినవానిని పుటకు చూపును. పుట ఏమియు చెప్పకున్నచో బ్రౌజరు తన అలవాటు ప్రకారము చేయును. పుట ‘ఇది నేను చూచుకొందును, నీవు మానుము’ అన్నచో బ్రౌజరు మానుకొనును.

ఆ ‘నీవు మానుము’ అను మాటకు జావాస్క్రిప్టు భాషలో ‘ప్రివెంట్ డిఫాల్ట్’ అని పేరు. జావాస్క్రిప్టును 1995లో బ్రెండన్ ఐక్ రచించెను. ఈ ఆజ్ఞకు అన్ని బ్రౌజరులయందు ఒకే రూపమును నిర్ణయించిన ప్రమాణమును వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము 2000 నవంబరులో ఆమోదించెను. ఇచ్చట సమయము ముఖ్యము. మీట క్రిందికి దిగునపుడు ఒక వార్త, పైకి లేచునపుడు మరియొక వార్త పుటకు అందును. బ్రౌజరు తన పనిని మీట దిగినప్పుడే మొదలుపెట్టును. కావున దిగినప్పుడే అడ్డు చెప్పవలెను. లేచినపిమ్మట చెప్పిన మాటకు ఫలమేమియు ఉండదు. ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొనుచున్న పై తరగతులవారు మొదటిసారి ఇచ్చటనే తికమకపడుదురు.

బ్రౌజరు తనకే అట్టిపెట్టుకొన్న మీటలు ఏవి? క్రోమునందు సాధారణముగ ‘కంట్రోల్’తో ‘ఎన్’, ‘టి’, ‘డబ్ల్యు’ అను మూడు. ఇవి వరుసగా క్రొత్త కిటికీని తెరచుట, క్రొత్త ట్యాబును తెరచుట, ఉన్న ట్యాబును మూయుట అను పనులు చేయును. వీనిని పుట చేతికి ఈయకుండుట న్యాయమే. మూయు మీటను పుటకు అప్పగించినచో, దొంగపుట ఒకటి లోపలికి వచ్చినవానిని వెలుపలికి పోనీయక బంధింపగలదు. తలుపు గడియ అతిథి చేతిలో ఉండవలెను గాని ఇంటివాని చేతిలో కాదు. అయితే దీనివలన ఒక చిక్కు లేకపోలేదు. బ్రౌజరులోనే టెర్మినలును తెరచి పనిచేయువారికి ‘కంట్రోల్–డబ్ల్యు’ అనగా వ్రాసిన చివరిమాటను చెరిపివేయుట. ఆ అలవాటు కొద్ది చేయి ఆడినచో మాటకు బదులు ట్యాబే మూతపడును. ఈ చిక్కునకై 2018లో క్రోమ్ ఒక మార్గము చూపినది: పుట తెరనంతయు ఆక్రమించియున్నప్పుడు మాత్రము అది మరికొన్ని మీటలను అడిగి తీసికొనవచ్చును; అయినను ‘ఎస్కేప్’ మీటను కొంతసేపు అదిమిపట్టినచో ఆ ఏర్పాటు రద్దగును. ఇచ్చిపుచ్చుకొనుట ఇట్లుండుట బాగుగనే ఉన్నది.

బ్రౌజరు అలవాట్లు ఎల్లప్పుడును మంచివేయని భ్రమింపరాదు. ‘బ్యాక్‌స్పేస్’ కథ అందరును తెలిసికొనదగినది. చాలకాలము విండోసు బ్రౌజరులలో ఆ మీటకు రెండు పనులుండెడివి. వ్రాయు గడిలో ఉన్నప్పుడు అది ఒక అక్షరమును చెరుపును. గడి వెలుపల ఉన్నప్పుడు వెనుకటి పుటకు తీసికొనిపోవును. పొడుగాటి దరఖాస్తును అరగంటసేపు నింపి, చివరి గడిలో ఒక అంకెను దిద్దబోయి, గడిలో లేమన్న సంగతి గమనింపక ఆ మీటను నొక్కినవారి శ్రమ యేమగునో ఊహింపవచ్చును. పిల్లల ప్రవేశములకును విద్యార్థివేతనములకును ఇప్పుడు దరఖాస్తులన్నియు తెరమీదనే గదా! 2016లో క్రోమ్ తన 52వ వెలువరింపున ఈ అలవాటును తీసివేసెను. వ్రాసినది పోగొట్టుకొనుచున్నవారి మొరయే అందుకు కారణము. 2021లో ఫైర్‌ఫాక్సు కూడ అట్లే చేసెను. ఇప్పుడు వెనుకకు పోవుటకు ‘ఆల్ట్’ మీటతో ఎడమబాణమును నొక్కవలెను. అందుచేత, అలవాటును ప్రక్కకు నెట్టిన ప్రతి పుటను నిందింపను. నెట్టుట ఎవరి మేలు కొరకు జరిగినదని మాత్రము అడుగుదును.

ఇక మన భాష సంగతి. మీటల పలకమీద ఆంగ్లమున ‘కె’ అని ముద్రించియున్న మీటను చూడుడు. ఆంగ్లము వ్రాయునపుడు అది ‘కె’. తెలుగు ఇన్‌స్క్రిప్టు పలకను ఎన్నుకొన్నప్పుడు అదే మీట కకారము. తమిళ 99 పలకను ఎన్నుకొన్నప్పుడు అదే మీట తమిళ మకారము. (తమిళ 99 పలక మన ఊరివారికి పరాయిది కాదు, 1999 ఫిబ్రవరిలో చెన్నైలో జరిగిన తమిళనెట్ సమావేశమునకు పిమ్మట దీనిని తమిళనాడు ప్రభుత్వము ప్రమాణముగ స్వీకరించినది. ఇన్‌స్క్రిప్టును భారతీయ భాషలన్నిటికిని ఉమ్మడి పలకగా భారత ప్రమాణముల సంస్థ 1991లో ప్రకటించినది.) వ్రేలు దిగిన చోటు ఒక్కటే, వచ్చిన అక్షరములు మూడు. అందుచేతనే మీట వార్తను పుటకు అందించునపుడు బ్రౌజరు రెండు సంగతులను వేరువేరుగ చెప్పును. ఏ అక్షరము వచ్చినదని ఒకటి. పలకపై ఏ చోట నొక్కబడినదని మరొకటి. మొదటిదానికి ‘కీ’ అనియు, రెండవదానికి ‘కోడ్’ అనియు పేర్లు. ‘కె’ మీట విషయమున మూడు భాషలలో ‘కీ’ మూడు విధములుగ మారును. ‘కోడ్’ మాత్రము మారదు.

ఈ భేదమును తెలియక ప్రోగ్రాము వ్రాసినవారి పుటలు ఆంగ్లము ఒక్కటే వ్రాయువానికి చక్కగ పనిచేయును. కష్టము మనవంటివారికి వచ్చును. జీమెయిలులో షార్టుకట్టులను అనుమతించుకొన్నచో ‘జె’, ‘కె’ మీటలతో ఒక ఉత్తరమునుండి మరియొక ఉత్తరమునకు పోవచ్చును. ఏటవాలు గీత గల మీటతో వెదకు గడికి చేరవచ్చును. ‘జె’, ‘కె’లను ఇట్లు వాడు ఆచారము 1976లో బిల్ జాయ్ వ్రాసిన ‘వీఐ’ అను ఎడిటరునుండి వచ్చినది. ఆయన వాడిన ఏడీఎం–3ఏ టెర్మినలులో బాణపు గుర్తులు ఆ మీటలమీదనే అచ్చొత్తబడియుండెను. అమెరికాలోని ఒక టెర్మినలు మీది గుర్తులు నేటికిని మన చేతులను నడిపించుచున్నవన్నమాట! తెలుగు ఇన్‌స్క్రిప్టున ‘జె’ మీట రకారము, ‘కె’ మీట కకారము, ఏటవాలు గీత మీట యకారము. ఒక పుట అక్షరమును బట్టి షార్టుకట్టును గుర్తించుచున్నచో, పలకను తెలుగులో ఉంచినవానికి ఆ షార్టుకట్టులు పలుకవు. ‘జె’ కొరకు ఎదురుచూచు పుటకు ‘ర’ చేరును. చోటును బట్టి గుర్తించుచున్నచో షార్టుకట్టు పలుకును. అయితే మనము వ్రాయుచున్న గడిని పుట గుర్తింపనిచో మరియొక ఆపద కలుగును: ‘యమున’ అని వ్రాయబోగా యకారము మ్రింగబడి, వెదకు గడి తెరచుకొని, మిగిలిన ‘మున’ అందులో పడును.

అక్షరము మ్రింగబడుట ఊహామాత్రమని ఎవరైన అందురేమో. పోలండు దేశీయులకు ఇది నిజముగ జరిగినది. మీడియం అను వ్రాతల వేదికలో వ్రాసినదెల్ల తనంతట తానే భద్రమగుచుండెను. అయినను వ్రాయువారు పాత అలవాటుచేత ‘కంట్రోల్–ఎస్’ నొక్కుచుండగా పుటను దాచుకొనుమని బ్రౌజరు పెట్టె అనవసరముగ అడ్డము వచ్చుచుండెను. ఆ పెట్టె రాకుండ మీడియం వారు ఆ జంటను అడ్డగించిరి. ఉద్దేశము మంచిదే. కాని పోలిష్ భాషలో ఆంగ్లమున లేని తొమ్మిది అక్షరములు కలవు. వానిలో మన శకారమును పోలిన ధ్వనిగల అక్షరమొకటి. ‘ఎస్’ పైన చిన్న గీటు పెట్టినట్లుండును. పోలిష్ పలకలో దానిని వ్రాయుటకు కుడివైపున నున్న ‘ఆల్ట్–గ్రాఫ్’ మీటతో ‘ఎస్’ను నొక్కవలెను. విండోసు ఆ కుడి మీటను ‘కంట్రోల్’, ‘ఆల్ట్’ అను రెండు మీటలు కలిసినట్లుగ లెక్కించును. మీడియం వారి ప్రోగ్రాము ‘కంట్రోల్ ఉన్నది, ఎస్ ఉన్నది’ అని మాత్రమే చూచెను. ‘ఆల్ట్ కూడ ఉన్నదా?’ అని అడుగలేదు. తక్కిన ఎనిమిది అక్షరములును నిక్షేపముగ వచ్చుచుండగా ఈ ఒక్కటి మాత్రము తెరమీదికి రాకపోయెను. మీడియంలో పనిచేయుచుండిన మార్చిన్ విఖారీ, తాను పోలండువాడగుటచేత, దీని వెనుకటి చరిత్రనంతయు వెదకి 2015లో ఒక వ్యాసముగ వ్రాసెను. నివారణకు కావలసినది ఒక్క ప్రశ్న: ఆల్ట్ మీట కూడ నొక్కబడినచో అడ్డగింపకుము, అంతే.

మన దేశములోను ఇట్టి జత యొకటి ఉన్నది. 2010 జూలై 15వ తేదీన కేంద్ర ప్రభుత్వము రూపాయికి క్రొత్త గుర్తును ఆమోదించెను. దానిని రూపొందించిన డి. ఉదయకుమార్ తమిళనాడువాడే. విండోసులో ‘ఇంగ్లీషు–ఇండియా’ పలకను పెట్టుకొన్నవారు ‘ఆల్ట్–గ్రాఫ్’తో 4 అంకెను నొక్కి ఆ గుర్తును వ్రాయుదురు, అనగా ‘కంట్రోల్–ఆల్ట్–4’. గూగుల్ డాక్సున అదే ‘కంట్రోల్–ఆల్ట్–4’ నాల్గవస్థాయి శీర్షికకు నియమితమైనది. ఇట్టి చోట మానవుడు కోరినది రూపాయి గుర్తా, శీర్షికా అని ప్రోగ్రాము జాగ్రత్తగ విచారించి తెలిసికొనవలెను. కూరగాయల లెక్క వ్రాయువాని సంఖ్య శీర్షికగా ఉబ్బిపోయినచో వాని దోషమేమున్నది?

ఇంతవరకు చెప్పినది చూచి, మీటలను అడ్డగించు పుటలన్నియు తెలుగునకు శత్రువులని తలపరాదు. నిజమునకు, తెలుగు వ్రాత అంతర్జాలమున నిలద్రొక్కుకొన్నది కొంతవరకు ఈ అడ్డగింతవలననే. 1990 దశాబ్దపు తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనువారు ఆంగ్లాక్షరములతో తెలుగును వ్రాయు ఒక పద్ధతిని ఏర్పరచిరి. దానినే ఆర్టీఎస్ అందురు. తరువాత వచ్చిన పుటలు ఆ మార్గమును అనుసరించి, ‘కె’ మీటను నొక్కగనే ‘బ్రౌజరూ, నీవు ఆంగ్లపు కె వ్రాయకుము’ అని అడ్డుచెప్పి, దానికి బదులుగ ‘క్’ను పెట్టును, తరువాత ‘ఏ’ మీటను నొక్కినచో దానిని ‘క’గా మార్చును. పోలిష్ అక్షరమును మ్రింగిన ఆజ్ఞయే ఇచ్చట తెలుగక్షరమును కనుచున్నది. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో నేడు కూడ ఇట్టి వ్రాత పనిముట్టు కలదు. వ్రాయు గడిలో ‘కంట్రోల్–ఎమ్’ నొక్కినచో తెలుగునుండి ఆంగ్లమునకును, మరల ఆంగ్లమునుండి తెలుగునకును మారవచ్చును. ఫైర్‌ఫాక్సున ‘కంట్రోల్–ఎమ్’ అనగా ట్యాబులోని ధ్వనిని ఆపుట. ఆ అలవాటును త్రోసి వికీపీడియా తన పని చేసికొనుచున్నది. దీనిని నేను తప్పుపట్టను. వ్రాయు గడిలో ఉన్నంతసేపే అట్లు చేయును. అక్కరలేనివాడు ఆ పనిముట్టును ఆపుకొనవచ్చును.

ఇంకొక సంగతి. ఆంగ్లాక్షరములను నొక్కగా తెలుగు మాటలను సూచించు పలకలను 2019లో విండోసు 10లోనే చేర్చిరి. తెలుగు, తమిళములతో సహా పది భారతీయ భాషలకు ఆ వసతి కలిగినది. ఇట్టి పద్ధతులలో మాట పూర్తి కాకముందు కొంతసేపు అది ‘కూర్పులో’ ఉండును. అప్పుడు నొక్కిన ‘ఎంటర్’ మీట సూచించిన మాటను ఒప్పుకొనుటకు గావచ్చును. సందేశములు పంపు పుట ‘ఎంటర్’ను ‘పంపుము’ అని మాత్రమే గ్రహించినచో సగము మాటతో సందేశము వెళ్లిపోవును. మాట కూర్పులో ఉన్నదో లేదో బ్రౌజరు పుటకు చెప్పుచునే యుండును, అడుగవలసినది పుటయే. జపనీయులు, చైనీయులు ఈ బాధను మనకన్న ముందే, మనకన్న ఎక్కువగ పడియున్నారు.

చూపులేని విద్యార్థుల మాట కూడ ఇచ్చట చెప్పవలెను. ఎన్వీడీఏ అను ఉచితమైన తెర చదివెడి ఉపకరణమును 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, స్వయముగ చూపులేనివాడు, ప్రారంభించెను. దానిని వాడువారు పుటలో ‘హెచ్’ నొక్కి ఒక శీర్షికనుండి మరియొక శీర్షికకు పోవుదురు. వారికి ఎలుక వలన ప్రయోజనము లేదు, మీటలే కన్నులు. మాటతో కంప్యూటరును నడుపువారికి మరియొక ప్రమాదము కలదు. పలికిన మాట ఒక్కొక్క అక్షరముగ పుటకు చేరి, ఒంటి అక్షరపు షార్టుకట్టులు గల పుటలో ఒక్క మాటకు పది పనులు జరిగిపోవచ్చును. అందుచేత 2018లో వెలువడిన వెబ్ సౌలభ్య సూత్రముల 2.1వ కూర్పున, ఒంటి అక్షరపు షార్టుకట్టులను పెట్టిన పుట వానిని ఆపుకొనుటకో, మార్చుకొనుటకో, లేదా ఆయా గడిలో ఉన్నప్పుడు మాత్రమే పనిచేయునట్లు చేయుటకో వీలు కల్పింపవలెనని నియమించిరి. మీట నొక్కి ప్రవేశించిన చోటునుండి మీటతోనే వెలుపలికి రాగలుగవలెనను నియమము అంతకన్న పాతది.

పుటలు వ్రాయ నేర్చుకొను పిల్లలారా! మీ చేతి పని విషయమున మాత్రము ఒక్క మాట. జంటమీటను అడ్డగించునప్పుడు మీకు కావలసిన జంటను తప్ప వేరొకదానిని తాకకుడు. ‘కంట్రోల్’ ఉన్నదాయని చూచిన చోటనే ‘ఆల్ట్’ లేదు గదాయని కూడ చూడుడు. వ్రాయు గడిలో ఉన్న మనుష్యుని ఒంటి అక్షరమును ఎన్నడును లాగుకొనకుడు. మీ పుటను ఆంగ్లముతో ఒకసారి, తెలుగుతో ఒకసారి, తమిళముతో ఒకసారి నొక్కి చూచి గాని ఇతరులకు ఈయకుడు. ఈ మూడవ పరీక్ష చేయుటకు తగినవారు ప్రపంచమున ఎందరో లేరు. మన పేటలో ప్రతి ఇంటను ఉన్నారు.

అభ్యాసమునకు: పాఠశాల కంప్యూటరులో తెలుగు ఇన్‌స్క్రిప్టు, తమిళ 99 పలకలను చేర్చుకొని, ‘హెచ్’ మీట మూడు భాషలలో ఏయే అక్షరములను ఇచ్చునో కనుగొనుడు. పిమ్మట ఈ ప్రశ్నకు సమాధానము వ్రాయుడు. ఒక విద్యార్థి జవాబులు వ్రాయుటకై ఒక పరీక్షాపుటను సిద్ధముచేసి, ‘ఎన్’ మీట నొక్కినచో తరువాతి ప్రశ్న రావలెనని ఏర్పరచెను. అతడు మీట చోటును మాత్రమే చూచెను గాని వ్రాయు గడిని గమనింపలేదు. తెలుగు ఇన్‌స్క్రిప్టున ‘ఎన్’ మీట లకారము. ‘మీ మాతృభాష యేది?’ అను ప్రశ్నకు ‘తెలుగు’ అని వ్రాయుటకు ఆరు మీటలు నొక్కవలెను. ఏ మీటవద్ద ఆ బాలిక జవాబు ఆగిపోవును? మిగిలిన మూడు మీటలు ఏ ప్రశ్న క్రింద పడును?